సగం సింహం, చేతిలో శిలువ: సమాధి పలక మీద ఎలా చెక్కాలి?

దేవరకొండ ఉలి:

అందరికీ నమస్కారం. నాది దేవరకొండ. తాతల నాటి నుంచి మాది రాతి పని. బొడ్రాళ్లు, ధ్వజస్తంభాల పీఠాలు, గుడి శిలాఫలకాలు, సమాధి పలకలు చేస్తాను. యాదగిరిగుట్ట ఆలయం కొత్తగా కట్టేటప్పుడు ఎనిమిది నెలలు అక్కడే ఉండి కృష్ణశిల మీద పనిచేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. వీడికి సింహం చెక్కడం రాదేమో అనుకుంటారని చెబుతున్నాను. సింహాలు నాకు కొత్త కాదు. ఈ సింహం దగ్గర మాత్రం వారం రోజులుగా ఉలి పక్కన పెట్టి కూర్చున్నాను.

సంగతి ఇది. మా పక్క పల్లెలో సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్‌గా చేసి రిటైరైన పెద్దాయన పోయిన ఏడాది కాలం చేశారు. ఊరంతా ఆయనను కర్నల్ సారు అనేవారు. సొంత పొలంలోనే చింతచెట్టు కింద సమాధి కట్టారు. సంవత్సరీకం నాటికి తల దగ్గర నల్ల గ్రానైట్ పలక నిలబెట్టాలి. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. పైన ఆయన రెజిమెంటు గుర్తు, కింద పేరు, తేదీలు. ఆర్డరు ఇచ్చింది సారు అన్న కొడుకు. డబ్బు పంపుతున్నది పుణేలో ఉండే సారు కూతురు. చిక్కంతా ఈ ఇద్దరి మధ్య వచ్చింది.

గుర్తు కోసం నాకు ఇచ్చింది ఒక ఫొటో మాత్రమే. అది కూడా గోడకు వేలాడే పాత ఫొటోను ఫోనుతో తీసింది. సారు యూనిఫారంలో, ఛాతీ మీద పతకాలతో నిలబడి ఉన్నారు. టోపీ మీద బిళ్ల ఉంది. పెద్దది చేసి చూస్తే నడుము వరకే ఉన్న సింహం. కింది భాగం లేదు. ముందు కాళ్లు రెండూ పైకెత్తి ఏదో పట్టుకుంది. నా కంటికి అది శిలువ. ఫొటో కింద జత చేశాను, సారు ముఖం కప్పేశాను.

అన్న కొడుకు వచ్చి చూసి, “మా చిన్నాన్న ప్రతి శివరాత్రికి శ్రీశైలం వెళ్లిన మనిషి. ఆయన సమాధి మీద శిలువ ఏమిటి? తీసేసి త్రిశూలం పెట్టు” అన్నాడు. అక్కడితో ఆగకుండా, “నరసింహస్వామి అంటే సగం మనిషి, సగం సింహం. ఇదేమిటి, సగం సింహం, సగం గాలి” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు కోపం వచ్చింది. పోతూ పోతూ, “పైన మూడు సింహాల ముద్ర కూడా పెట్టు, హోదాగా ఉంటుంది” అని చెప్పి వెళ్లాడు.

కూతురికి ఫోను చేస్తే ఒక్కటే మాట: “నాన్న టోపీ మీద ఏముందో అది.”

అసలు ఇది ఏ రెజిమెంటు? సింహం సగమే ఎందుకుంది? ఆ చేతిలోది నిజంగా శిలువేనా? మార్చితే తప్పా? కాగితం మీద తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాయవచ్చు. గ్రానైట్ మీద తప్పు చెక్కితే ఆ మేరకు పలక ముఖం మొత్తం అరగదీయాలి, లేదా పలకే మార్చాలి. పలక ఖరీదు నా చేతి నుంచి పోతుంది. ఇంకా మూడు వారాల గడువు ఉంది. తెలిసినవారు చెప్పండి.

నల్లమల కుర్రాడు:

అన్నా, అది శిలువ కాదు, కత్తి. శ్రీలంక జెండా మీద సింహం ఇలాగే కత్తి పట్టుకుని ఉంటుంది. సారు శాంతి సేనతో శ్రీలంక వెళ్లి ఉంటారు, అక్కడ ఇచ్చి ఉంటారు. నిశ్చింతగా కత్తి చెక్కేయండి, గొడవ ఉండదు.

మాజీ హవల్దార్, అచ్చంపేట:

కుర్రవాడా, శ్రీలంక సింహానికి నాలుగు కాళ్లూ తోకా ఉన్నాయి. ఒకసారి జెండా మళ్లీ చూడు. వేరే దేశం వాళ్లు ఇచ్చిన గుర్తును మన అధికారి టోపీ మీద పెట్టుకుని తిరగడు. ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకుంటాడు, అంతే.

శిల్పి గారూ, అది కుమావ్ రెజిమెంటు బిళ్ల. నేను మద్రాస్ రెజిమెంటు మనిషిని. సర్వీసులో ఒకచోట మా పక్కనే కుమావ్ పటాలం ఉండేది. రోజూ చూసిన గుర్తు కాబట్టి చీకట్లో చూపించినా పోల్చుకుంటాను. సగం సింహమే. చేతిలో శిలువే. అనుమానం వద్దు. జవాన్లు ఎక్కువగా ఉత్తరాఖండ్‌లోని కుమావ్ కొండల వాళ్లు, అహీర్లు. అధికారులు మాత్రం ఏ రాష్ట్రం నుంచైనా వస్తారు. మీ కర్నల్ సారు అలా వెళ్లి ఉంటారు.

మరో సంగతి. మీ ఫొటో తిరగబడింది. పతకాలు ఎప్పుడూ ఎడమ ఛాతీ మీదే పెట్టుకుంటాం. ఎదుటి నుంచి చూసేవారికి అవి కుడివైపు కనిపించాలి. మీ ఫొటోలో ఎడమవైపు ఉన్నాయి. అంటే ఫొటోలో సింహం ఎటు చూస్తున్నదో, అసలు బిళ్ల మీద దానికి ఎదురు దిక్కు చూస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెక్కితే సింహం ముఖం తిప్పుకుంటుంది, జాగ్రత్త.

ఆ మూడు సింహాల ముద్ర మాత్రం పెట్టవద్దు. లెఫ్టినెంట్ కర్నల్ భుజం మీద అశోక చిహ్నం, ఒక నక్షత్రం ఉంటాయి, నిజమే. అందుకే అడిగి ఉంటాడు. కానీ అది దేశపు రాజముద్ర. ఎవరికి తోచినట్టు వారు వాడకుండా 2005లో చట్టం చేశారు. హోదాను అక్షరాలలో రాయండి. అక్షరాలకు ఏ లోటూ లేదు.

దేవరకొండ ఉలి:

హవల్దార్ గారూ, మీకు దండం. పతకాల సంగతి నాకు తట్టనే లేదు. ఫొటోలో సింహం నా కుడికి చూస్తోంది. నేను సుద్దముక్కతో అలాగే గీసి పెట్టుకున్నాను కూడా. ఇప్పుడే తడిగుడ్డతో తుడిచేశాను.

అయితే శిలువ శిలువే అన్నమాట. మరి అన్న కొడుక్కి ఏం చెప్పను?

పానగల్లు టీచరమ్మ:

బాబూ, నేను నల్లగొండలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. నీ ప్రశ్న చూసి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. నీ ఎదురుగా ఉన్న ఆ సింహం ఇంగ్లండు నుంచి వచ్చిందన్నది నిజం. అయితే వచ్చింది మన హైదరాబాద్ మీదుగా.

1811 నుంచి 1820 వరకు హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా హెన్రీ రస్సెల్ అనే ఆయన ఉన్నాడు. నిజాం సైన్యం సరిగా లేదని 1813లో కొత్త పద్ధతిలో రెండు పటాలాలు తయారు చేయించాడు. వాటిని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. పెత్తనం ఐరోపా అధికారులది, జీతాలు నిజాం ఖజానావి. అది పెరిగి పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది. బొల్లారంలో వాళ్ల దండు ఉండేది. ఆ జీతాల బకాయిల పేరు మీదే 1853లో నిజాం బేరార్ (ఇప్పటి విదర్భ) ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టవలసి వచ్చింది. మన సొమ్ముతో, మన గడ్డ మీద, మన మీదే పెత్తనం చేసిన సైన్యమది. ఈ మాట దాచిపెట్టి చరిత్ర చెప్పడం నాకు రాదు.

1903లో కంటింజెంట్‌ను బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. 94, 95 నంబర్ల పటాలాలకు ‘రస్సెల్స్ ఇన్‌ఫాంట్రీ’ అనే పేరే పెట్టారు. 1922లో అవన్నీ కలిసి 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి. పేరు హైదరాబాద్, మనుషులు మాత్రం క్రమంగా కుమావ్ కొండల వాళ్లు, జాట్లు, అహీర్లు అయిపోయారు. హైదరాబాద్ వాళ్లే లేని హైదరాబాద్ రెజిమెంటు! చివరకు 1945 అక్టోబరు 27న పేరు కూడా మార్చి కుమావ్ రెజిమెంటు అన్నారు. ఇప్పుడు వాళ్ల కేంద్రం రాణిఖేత్‌లో ఉంది.

పేరులో హైదరాబాద్ పోయింది కానీ టోపీ మీద సింహం ఉంది చూడు, అది రస్సెల్ వంశపు చిహ్నంలోని సింహం. శిలువ కూడా ఆ వంశపు గుర్తులోదే. ఐరోపా దొరల వంశచిహ్నాలలో డాలు ఉంటుంది, డాలు మీద శిరస్త్రాణం ఉంటుంది, దాని నెత్తి మీద ఒక బొమ్మ నిలబెడతారు. శిరస్త్రాణం లోంచి పైకి లేచినట్టు ఉండాలి కాబట్టి జంతువును తరచుగా నడుము వరకే చూపిస్తారు. సగం సింహం అలా వచ్చింది. మీ అన్న కొడుకు గారికి చెప్పు, ‘సగం గాలి’ కాదు, కింద శిరస్త్రాణం ఉందని.

నేను చదువుకున్నది కోఠీ మహిళా కళాశాలలో. ఆ రస్సెల్ ఉన్న రెసిడెన్సీ భవనమే మా కళాశాల. ముందు మెట్లకు రెండు పక్కలా సింహాలుంటాయి. వాటి పక్కన కూర్చుని వేరుసెనగలు ఒలుచుకు తిన్నాం. ఆ ఇంటి పెద్దకు సొంతంగా ఇంకో సింహం ఉందని, అది ఎక్కడో హిమాలయాల కింద సైనికుల నెత్తిన కూర్చుందని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

మన జిల్లాకు ఇంకో ముడి ఉంది. 19వ హైదరాబాద్ రెజిమెంటులోని 11వ టెరిటోరియల్ పటాలాన్నే 1941లో విడదీసి బిహార్ రెజిమెంటుగా మార్చారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు 16 బిహార్ పటాలం కమాండింగ్ అధికారి. మహావీర చక్ర ఇచ్చారు. ఆ రెజిమెంటు చిహ్నంలో అశోకుడి సింహాలుంటాయి. ఒకే తల్లివేరు, ఒక కొమ్మకు రస్సెల్ సింహం, ఇంకో కొమ్మకు సారనాథ్ సింహాలు.

కోయిల్‌సాగర్ గట్టు:

టీచరమ్మ గారు చెప్పింది చదివాక నా అనుమానం ఇంకా పెరిగింది. బేరార్ మింగిన వాడి ఇంటి గుర్తును మనవాళ్లు ఇంకా నెత్తిన పెట్టుకోవడం ఏమిటి? 2022 సెప్టెంబరులో నౌకాదళం జెండా మీద సెయింట్ జార్జ్ శిలువ తీసేశారు కదా. శివాజీ ముద్ర ఆధారంగా అష్టకోణం పెట్టారు. అక్కడ తీసినప్పుడు ఇక్కడ ఒక పల్లెటూరి సమాధి మీద తీస్తే ఆకాశం విరిగి పడుతుందా? అన్న కొడుకు అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనిపించడం లేదు. డబ్బు ఎవరిదన్నది వేరే మాట.

మాజీ హవల్దార్, అచ్చంపేట:

గట్టు గారూ, మీ కోపం నాకు తెలుసు. మా టోపీ మీద ఉన్నది అస్సాయే ఏనుగు. డాలు, రెండు కత్తులు, ఏనుగు. అస్సాయే అంటే ఇప్పటి మహారాష్ట్రలో జాల్నా వైపు ఒక పల్లె. 1803 సెప్టెంబరు 23న అక్కడ కంపెనీ సైన్యం మరాఠాల మీద గెలిచింది. ఆ గెలుపు గుర్తుగా మద్రాసు పటాలాలకు ఏనుగును ఇచ్చారు. గెలిచింది ఎవరి మీద? మన దేశం వాళ్ల మీదే. మరి తుపాకీ పట్టింది ఎవరు? అదీ మనవాళ్లే. ఉత్తరాదిలో పాతకాలంలో సిపాయిని ‘తిలంగా’ అనేవారట. తెలుగు నేల నుంచి వెళ్లిన సిపాయిల వల్ల వచ్చిన మాట అది.

వెల్లింగ్టన్‌లో నా శిక్షణ. నీలగిరి చలిలో తెల్లవారుజామున లేచి, ఇత్తడి మెరుగుపెట్టే బ్రాస్సో పూసిన గుడ్డతో ఏనుగు బిళ్లను రుద్దడం మొదటి పని. ఏనుగు చెవిలో తెల్లగా పొడి మిగిలిందంటే ఉస్తాద్ మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. నేను ఏనుగు చెవిలో అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తుడిచేవాణ్ణి. దాని కింద ‘స్వధర్మే నిధనం శ్రేయః’ అన్న మాట మా రెజిమెంటుది, గీతలోది. కంపెనీ ఇచ్చిన ఏనుగు, గీతలోని మాట, మా నోట ‘వీర మద్రాసీ, అడి కొల్లు’ అన్న అరుపు. మూడూ మూడు దిక్కుల నుంచి వచ్చాయి. నా మటుకు ఆ ఏనుగు అస్సాయేలో గెలిచిన వెల్లెస్లీ దొరది కాదు. చెవి తుడిచిన వాడిది.

నౌకాదళం మార్చింది, నిజమే. నౌకాదళమే మార్చింది, మొత్తానికీ మార్చింది. రేపు కుమావ్ వాళ్లు కూడా మార్చుకుంటే మంచిదే, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ దేవరకొండలో ఒక్క పలక మీద మనం మార్చితే అది కుమావ్ గుర్తూ కాదు, ఇంకే గుర్తూ కాదు. రేపు ఆయన పటాలం వాళ్లెవరైనా దండం పెట్టడానికి వస్తే, త్రిశూలం పట్టిన సగం సింహాన్ని చూసి ‘ఇది ఎవరి సమాధి’ అని పక్క పొలానికి పోతారు.

శిల్పి గారూ, అన్న కొడుక్కి ఒక్క మాట చెప్పండి. ఆ శిలువను నెత్తిన పెట్టుకున్న కుమావ్ జవాన్లు దాడికి దూకేటప్పుడు ‘కాళికా మాతా కీ జై’ అని అరుస్తారు. నా చెవులతో విన్నాను.

పానగల్లు టీచరమ్మ:

పిఠోరాగఢ్ జిల్లా గంగోలీహాట్‌లో హాట్ కాళికా గుడి ఉంది. కుమావ్ రెజిమెంటుకు ఇలవేల్పు లాంటిది. హవల్దార్ గారు అసలు మాట పట్టుకున్నారు.

గట్టు గారికి: కోపం సరైనదే, నాకూ ఉంది. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. 1947 నవంబరు 3న కశ్మీర్‌లో బడ్గాం దగ్గర చనిపోయిన మేజర్ సోమనాథ్ శర్మది 4 కుమావ్ పటాలం. దేశంలో మొట్టమొదటి పరమవీర చక్ర ఆయనదే. అప్పటికే చెయ్యి విరిగి పిండికట్టుతో ఉన్నాడు. 1962 నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్‌తో నిలబడి నేలకొరిగింది 13 కుమావ్ జవాన్లు. ఆ సింహాన్ని రస్సెల్ పేరుతోనే తలుచుకోవాలా, వీళ్ల పేరుతో తలుచుకోవాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. నేనైతే బడిలో రెండూ చెప్పేదాన్ని. మొదటిది చెప్పి ఊరుకుంటే సగం చరిత్ర, రెండోది చెప్పి ఊరుకుంటే పండుగ ఉపన్యాసం.

నిజాం జెండా మధ్యలో ఉండే తెల్లటి గుండ్రం ఏమిటో తెలుసా? కుల్చా రొట్టె! మొదటి నిజాంకు ఒక సాధువు రొట్టెలు పెట్టాడని, ఏడు తిన్నాడు కాబట్టి ఏడు తరాలు ఏలతాడన్నాడని కథ. రొట్టె గుర్తుగా పెట్టుకుని రాజ్యం చేసినవాళ్లున్నారు. చిహ్నాలు ఎక్కడ పుడతాయో అడగడం మొదలుపెడితే ఇలాగే ఉంటుంది.

ఇంకో మాట నీకోసం బాబూ. నీ ఊరికి దగ్గరే నాగార్జునసాగర్. నాగార్జునకొండ తవ్వకాలలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు దొరికాయి. యుద్ధాలలో పోయిన సైనికులకు, సేనానులకు నిలబెట్టిన రాళ్లవి. వాటిలో చేతిపనివారి పెద్దకు నిలబెట్టినది కూడా ఉంది. నీ చేతిలో ఉన్నది పదిహేడు వందల ఏళ్ల నాటి పని. వీలైతే లాంచీ ఎక్కి మ్యూజియం చూసి రా.

అక్షర ముద్రణ, పాలమూరు:

ఫొటో తిరగబడడానికి కారణం నేను చెబుతాను. పాతకాలంలో స్టూడియోలో నెగెటివ్‌ను తిరగేసి పెట్టి ప్రింటు తీస్తే ఇలాగే వస్తుంది. పెద్ద సైజు చేయించినప్పుడు ఈ పొరపాటు చాలా జరిగేది. మా ప్రెస్సులో కూడా ఒక పెళ్లి పత్రికలో వరుడికి ఎడమచేతి వాటం వచ్చింది.

చిహ్నాలలో కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్క. జంతువు మామూలుగా డాలు పట్టుకున్నవాడి కుడికి చూడాలి, అంటే చూసేవాడికి ఎడమకు. కాలర్ మీద జతగా పెట్టుకునే బిళ్లలు మాత్రం ఒకదానికొకటి ఎదురుగా చూసేలా చేయిస్తారు. అందుకే ఎవరైనా కాలర్ బిళ్ల తెచ్చి చూపిస్తే దాన్ని నమ్మి దిక్కు నిర్ణయించవద్దు.

రంగు గురించి: ఒకే రంగుతో అచ్చు వేసే రోజుల్లో ఐరోపాలో గీతలతో రంగు చెప్పేవారు. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీ వెండి. రాతి మీద కూడా ఇది పనికి వస్తుంది. టోపీ బిళ్ల ఎలాగూ లోహమే కాబట్టి నీకు ఇప్పుడు అవసరం లేదు, తెలిసింది కాబట్టి చెప్పాను.

దేవరకొండ ఉలి:

ముద్రణ అన్నా, ఆ కుడి ఎడమల లెక్క నాకు వెంటనే ఎక్కింది. మా పనిలోనూ అంతే. స్వామికి కుడి చేయి అంటే భక్తుడికి ఎడమ. కొత్తగా పనికి వచ్చే పిల్లలందరూ మొదటి ఏడాది అక్కడే తప్పు చేస్తారు.

పదిరోజులు రాయలేదు, క్షమించండి. జరిగింది చెబుతాను.

హవల్దార్ గారి మాట, టీచరమ్మ గారి మాట రెండూ కాగితం మీద రాసుకుని పల్లెకు వెళ్లాను. అన్న కొడుకు పత్తి చేనులో ఉన్నాడు. గట్టు మీద కూర్చుని చదివి వినిపించాను. రస్సెల్ దగ్గర ముఖం చిట్లించాడు. బేరార్ దగ్గర ఒక తిట్టు తిట్టాడు. గంగోలీహాట్ కాళికా గుడి దగ్గరకు వచ్చేసరికి చేతిలో కలుపు మొక్క పక్కన పడేసి, “ఆగు” అన్నాడు. వాళ్ల చిన్నాన్న సెలవులో వచ్చిన ప్రతిసారీ ఒక చిన్న కాళికమ్మ పటం వెంట తెచ్చుకునేవాడట. ‘శివుడి మనిషివి, ఈ అమ్మవారు ఎవరు’ అని వీళ్ల నాయనమ్మ అడిగితే, “మా పటాలం అమ్మ” అనేవాడట. ఆ పటం సంగతి ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ తెలియని ముడి.

ఇంటికి తీసుకువెళ్లి ఇనుపపెట్టె తెరిచాడు. పటం ఉంది. దాని కింద చేతిరుమాలులో చుట్టిన అసలు బిళ్ల ఉంది! ముందే ఇచ్చి ఉంటే మనందరికీ ఇంత రాత ఉండేది కాదు. ఆ మాట నేను అనలేదు, మనసులో అనుకున్నాను.

బిళ్ల నా అరచేతిలో పెట్టుకుని ఎండలో తిప్పి చూశాను. సింహం చూసేవాడికి ఎడమకే చూస్తోంది, హవల్దార్ గారూ. అయితే ముఖం దాదాపు లేదు. కన్ను ఉండవలసిన చోట చిన్న గుంట. జూలు మీద గీతలు చెవి వెనుక మాత్రమే మిగిలాయి, గుడ్డ అక్కడికి చేరలేదు కాబట్టి. శిలువ అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. మీరు చెప్పిన బ్రాస్సో గుడ్డ పనే ఇది. వెనుక కొక్కెం మాత్రం కొత్తదిలా ఉంది. అన్న కొడుకు చింతపండుతో తోమి తెస్తానన్నాడు. వద్దని చేతులు పట్టుకున్నాను. మెత్తటి బంకమట్టి మీద ఒత్తి అచ్చు తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేశాను. మిగిలిన గీతల కోసం కూతురు వాళ్ల నాన్న స్నేహితులను అడిగి కొత్త బిళ్ల ఫొటో ఎదురుగా తీయించి పంపింది.

ఇప్పుడు నా కష్టం చెబుతాను, ఇది రాతి పనివాళ్లకే అర్థమవుతుంది. మొదట ఒక షాబాద్ బండ ముక్క మీద చెక్కి చూశాను. మధ్యాహ్నానికి సింహం తయారైంది. దూరంగా వెళ్లి చూస్తే గుట్ట సింహం! ఉబ్బిన కళ్లు, చుట్టలు చుట్టలుగా జూలు, నోట్లో తిరిగే గుండు ఒక్కటే తక్కువ. నా చేతికి తెలిసిన సింహం అదే మరి. ఈ రస్సెల్ సింహం అలా ఉండదు. సన్నటి నడుము, పైకి లేచిన పంజాలు, నోరు తెరిచి పక్కకు చూస్తుంది. మనది గుడి వాకిట్లో కూర్చుని కాపలా కాసే సింహం, అది జెండా మీద గాలికి ఎగిరే సింహం. రెండో ముక్క కూడా పాడైంది. మూడో ముక్క మీద కన్ను చెక్కకుండా మిగతాదంతా పూర్తి చేసి, కంటిని చివర సన్న ఉలితో ఒక్క గీత గీసి వదిలేశాను. అప్పుడు కుదిరింది.

ఆ ముక్క చూపించి కూతురితో వీడియోలో మాట్లాడించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “కన్ను అలాగే ఉంచండి అన్నా, ఎక్కువ పదును వద్దు” అంది.

పలక మీద పని మొన్న మొదలుపెట్టాను. శిలువ శిలువలాగే ఉంది. మూడు సింహాల ముద్ర లేదు. కింద వారి రెజిమెంటు మాట ‘పరాక్రమో విజయతే’ తెలుగు అక్షరాలలో రాస్తున్నాను. ఊళ్లోవాళ్లు చదవాలి కదా. అన్న కొడుకు త్రిశూలం పూర్తిగా వదిలిపెట్టలేదు. సమాధి వెనుక గోడకు వేరే రాయి మీద చెక్కమన్నాడు, దానికి డబ్బు తానే ఇస్తానన్నాడు. సరేనన్నాను. అది ఆయన చిన్నాన్నకు ఆయన పెట్టుకునే గుర్తు, నాకేం అభ్యంతరం. కోయిల్‌సాగర్ అన్నకు కూడా కొంత తృప్తి కలగవచ్చు.

కోయిల్‌సాగర్ గట్టు:

తృప్తి లేదు. కానీ పలక పూర్తయ్యాక ఫొటో పెట్టు. తిరగేయకుండా పెట్టు.

మాజీ హవల్దార్, అచ్చంపేట:

సంవత్సరీకం ఏ రోజో చెప్పండి శిల్పి గారూ. అచ్చంపేట నుంచి దేవరకొండకు బస్సులున్నాయి. పతకాలు పెట్టుకుని వస్తాను.

దేవరకొండ ఉలి:

వచ్చే శుక్రవారం, ఉదయం తొమ్మిదికి. గురువారం సాయంత్రం పలక ఎత్తాలి, ట్రాక్టరు మాట్లాడాను. బస్‌స్టాండు దగ్గర దిగి రాతి పని షెడ్డు ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చలిగా ఉంటుంది, శాలువా తెచ్చుకోండి. టీచరమ్మ గారు కూడా వస్తానంటే నల్లగొండ నుంచి మా అల్లుడి కారు వస్తోంది, ఒక సీటు ఖాళీగా ఉంది.